హోవర్డ్ గ్రబ్

సర్ హోవర్డ్ గ్రబ్ (1844 జూలై 28 - 1931 సెప్టెంబరు 16) ఐర్లండుకు చెందిన ఇంజనీరు, దృశా పరికరాల నిర్మాత. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో ప్రపంచంలోని పెద్ద దూరదర్శినులలో అనేకం డబ్లిన్ నగరంలోని ఈయన కర్మాగారంలో తయారయ్యాయి. హైదరాబాదు నిజామియా వేధశాలకు చెందిన 15 అంగుళాల దూరదర్శిని కూడా ఈయన నిర్మించినదే. ఖగోళ శాస్త్రంతో పరిచయం లేనివారు కూడా ఈయన కనిపెట్టిన ఒక సూత్రాన్ని నేటికీ వాడుతున్నారు. రైఫిళ్ళపైన బిగించే రెడ్ డాట్ సైట్ అనే గురి సాధనానికి మూలమైన పరావర్తక గురి సాధనాన్ని 1900లో రూపొందించినవాడు గ్రబ్. జలాంతర్గాములలో వాడే పరిదర్శినుల అభివృద్ధిలో కూడా ఈయన పాత్ర ముఖ్యమైనది.

కుటుంబ నేపథ్యం

హోవర్డ్ గ్రబ్ డబ్లిన్‌లో జన్మించాడు. తండ్రి థామస్ గ్రబ్ (1800-1878) వాటర్‌ఫర్డ్ ప్రాంతపు క్వేకర్ కుటుంబానికి చెందినవాడు. పెద్ద చదువులు చదవకపోయినా యంత్ర నిర్మాణంలో అపారమైన నేర్పు గలవాడు. బ్యాంక్ ఆఫ్ ఐర్లండుకు ఇంజనీరుగా ఉండి, నోట్లు ముద్రించే యంత్రాలను తయారుచేశాడు. ఆ ఉద్యోగం చేస్తూనే 1830లలో దూరదర్శినుల నిర్మాణం ప్రారంభించాడు. స్లైగో జిల్లాలోని మార్క్రీ వేధశాలలో ఉన్న 13.3 అంగుళాల కటకానికి పీఠం అమర్చినది, ఆర్మా వేధశాలకు 15 అంగుళాల పరావర్తన దూరదర్శినిని తయారుచేసినది ఆయనే. పెద్ద దర్పణాలు తమ బరువుకు తామే వంగిపోకుండా తులాదండాల వంటి ఆధారాలపై వాటిని నిలిపే పద్ధతిని ప్రవేశపెట్టినవారిలో థామస్ గ్రబ్ ప్రముఖుడు.

ఇటువంటి ఇంటిలో పెరిగిన హోవర్డ్‌కు పనిముట్లు, కటకాలు చిన్ననాటి నుండి అలవాటయ్యాయి. ఉన్నత విద్య కొరకు డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరి సివిల్ ఇంజనీరింగు అభ్యసించాడు. అయితే 1860ల మధ్యలో తండ్రికి ఒక పెద్ద పని అప్పగించబడటంతో చదువును మధ్యలోనే విడిచి కర్మాగారంలో ప్రవేశించాడు. అప్పటికి హోవర్డ్ వయసు ఇరవైయొక్క సంవత్సరాలు.

మెల్‌బోర్న్ మహా దూరదర్శిని

దక్షిణార్ధ గోళపు ఆకాశంలోని నీహారికలను పరిశీలించటానికి ఒక పెద్ద దూరదర్శినిని నెలకొల్పాలని బ్రిటిషు ఖగోళ శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఆలోచిస్తూ వచ్చారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా వలస ప్రభుత్వం ఖర్చు భరించటానికి అంగీకరించటంతో, 48 అంగుళాల (122 సెంటీమీటర్ల) లోహ దర్పణం గల దూరదర్శిని నిర్మాణాన్ని 1866లో థామస్ గ్రబ్‌కు అప్పగించారు. ఇందుకోసం డబ్లిన్ శివారులోని రాత్‌మైన్స్‌లో ప్రత్యేకంగా కార్ఖానా ఏర్పాటైంది. రాగి, తగరం కలిసిన మిశ్రమ లోహాన్ని పోతపోసి, చల్లార్చి, నూరి, మెరుగుపెట్టే పనులను హోవర్డ్ దగ్గరుండి జరిపించాడు. పని 1868లో పూర్తయి, మరుసటి ఏడు దూరదర్శిని మెల్‌బోర్న్‌లో వినియోగంలోకి వచ్చింది.

యంత్ర నిర్మాణం దృష్ట్యా ఇది గొప్ప విజయం. అంత బరువైన దూరదర్శినిని ఒక మనిషి సులభంగా తిప్పగలిగేవాడు. కాని శాస్త్రపరంగా ఆశించిన ఫలితాలు రాలేదు. సముద్ర ప్రయాణంలో పాడవకుండా దర్పణానికి పూసిన లక్క వార్నిషును తొలగించేటప్పుడు మెరుగు చెడిపోయింది. లోహ దర్పణం కాలక్రమంలో మసకబారుతుంది. దానికి తిరిగి మెరుగుపెట్టటం సున్నితమైన పని; దాన్ని చేయగల నిపుణులు డబ్లిన్‌లో ఉన్నారు గాని మెల్‌బోర్న్‌లో లేరు. పైగా ఆ సమయానికే వెండి పూత పూసిన గాజు దర్పణాలు వాడుకలోకి వస్తున్నాయి, నీహారికలను చేతితో చిత్రించే పద్ధతి పోయి ఛాయాచిత్రణ రాబోతున్నది. అందువలన పుట్టుకతోనే పాతబడిన పరికరంగా దీనికి పేరు వచ్చింది.

ఈ అనుభవం హోవర్డ్ గ్రబ్ వృత్తి జీవితంపై చెరగని ముద్ర వేసింది. ఒక పరికరం తయారైన చోట కాక, వాడే చోట, వాడేవాని చేతిలో ఎలా పనిచేస్తుందన్నదే దాని అసలు పరీక్ష. ఈయన తరువాతి పరికరాలలో వాడేవాని సౌకర్యానికి ఇచ్చిన ప్రాధాన్యం కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

మెల్‌బోర్న్ వేధశాల 1944లో మూతపడిన తరువాత ఈ దూరదర్శినిని మౌంట్ స్ట్రోమ్లోకు తరలించి, గాజు దర్పణంతో పునర్నిర్మించారు. 1990లలో అదృశ్య పదార్థాన్ని అన్వేషించే మాకో పరిశోధనలో ఇది ఉపయోగపడింది. 2003 జనవరి 18న సంభవించిన కార్చిచ్చులో ఇది కాలిపోయింది. మిగిలిన అసలు భాగాలతో దీనిని పునరుద్ధరించే ప్రయత్నం మెల్‌బోర్న్‌లో మొదలైంది.

రాత్‌మైన్స్ కర్మాగారం

మెల్‌బోర్న్ పని తరువాత తండ్రి క్రమంగా తప్పుకోగా, కర్మాగారం బాధ్యత హోవర్డ్ చేతికి వచ్చింది. 1871లో ఈయన మేరీ హెస్టర్ వాకర్‌ను వివాహం చేసుకున్నాడు. అదే సమయంలో లండనులో వర్ణపట పరిశోధనలు చేస్తున్న విలియం హగ్గిన్స్ కొరకు, రాయల్ సొసైటీ ఖర్చుతో, 15 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని, 18 అంగుళాల పరావర్తన దూరదర్శినిని నిర్మించాడు. నక్షత్రాల కాంతిని విశ్లేషించే ఖగోళ భౌతిక శాస్త్రం అప్పుడే రూపుదిద్దుకుంటున్నది. ఆ కొత్త శాస్త్రానికి కావలసిన పరికరాలను సమకూర్చిన మొదటి తరం నిర్మాతలలో గ్రబ్ ఒకడు.

1875లో ఆస్ట్రియా ప్రభుత్వం వియన్నా వేధశాల కొరకు 27 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని నిర్మించే పనిని గ్రబ్‌కు అప్పగించింది. కటకానికి కావలసిన దోషరహితమైన గాజు బిళ్ళలు పారిస్‌లోని ఫైల్ సంస్థ నుండి రావాలి. అంత పెద్ద గాజును బుడగలు, చారలు లేకుండా పోయటం ఆ రోజులలో చాలా కష్టం. అందువలన ఏళ్ళ తరబడి ఆలస్యం జరిగింది. చివరకు 1880ల ఆరంభంలో వియన్నాలో నెలకొన్న ఈ దూరదర్శిని కొంతకాలం పాటు ప్రపంచంలోని వక్రీభవన దూరదర్శినులన్నిటిలో పెద్దది. యోహాన్ పలీసా దీని సాయంతో అనేక గ్రహశకలాలను కనుగొన్నాడు.

అమెరికాలోని లిక్ వేధశాలలో 36 అంగుళాల దూరదర్శిని నిర్మాణం గ్రబ్‌కు దక్కలేదు. అయినా ఈయన సూచించిన ఒక ఉపాయాన్ని అక్కడ అమలుచేశారు. పెద్ద దూరదర్శిని దిశ మారినప్పుడల్లా కంటి కటకం ఉన్న కొస పైకి కిందికి పోతుంది. పరిశీలకుడు నిచ్చెనలు ఎక్కుతూ దిగుతూ ఉండకుండా, వేధశాల నేల మొత్తాన్ని పైకి కిందికి కదిలేలా చేయవచ్చునని గ్రబ్ ప్రతిపాదించాడు. ఈ కదిలే నేల తరువాతి కాలంలో అనేక వేధశాలలకు ఆదర్శమైంది.

గ్రీనిచ్ రాజ వేధశాలలోని 28 అంగుళాల దూరదర్శిని కటకం (1893), దక్షిణాఫ్రికాలోని కేప్ వేధశాలకు చెందిన 24 అంగుళాల దూరదర్శిని (1897), ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాల జంట దూరదర్శిని (1901) ఈ కర్మాగారం నుండి వెలువడిన ఇతర ముఖ్యమైన పరికరాలు.

ఆకాశ ఛాయాచిత్రణ

ఛాయాచిత్రణకు దూరదర్శిని గంటల తరబడి ఒకే నక్షత్రాన్ని అనుసరించాలి. భూభ్రమణానికి అనుగుణంగా దూరదర్శినిని తిప్పే గడియారపు యంత్రంలో ఏ కొద్ది తేడా వచ్చినా నక్షత్రపు చుక్క గీతగా మారిపోతుంది. గ్రబ్ ఒక లోలకపు గడియారంతో యంత్రపు వేగాన్ని ఎప్పటికప్పుడు సరిపోల్చి, తేడాను విద్యుత్తు సాయంతో దిద్దే ఏర్పాటు చేశాడు. ఈయన 1885లో తయారుచేసిన 20 అంగుళాల పరావర్తన దూరదర్శినితో ఐజాక్ రాబర్ట్స్ 1888లో తీసిన దేవయాని నీహారిక ఛాయాచిత్రం దాని సర్పిలాకృతిని మొదటిసారిగా స్పష్టంగా చూపింది.

1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఆకాశం మొత్తాన్ని ఛాయాచిత్రాలలో బంధించాలని నిర్ణయించింది. ఈ పనిని వివిధ దేశాల వేధశాలలు పంచుకున్నాయి. అన్నిచోట్లా ఒకే కొలత వచ్చేలా సుమారు 33 సెంటీమీటర్ల వ్యాసం, 3.43 మీటర్ల నాభ్యంతరం గల దూరదర్శినులు వాడాలని నిశ్చయించారు. వీటిలో గ్రీనిచ్, ఆక్స్‌ఫర్డ్, కేప్, మెల్‌బోర్న్, పెర్త్, మెక్సికోలోని టకుబాయా వేధశాలల పరికరాలను గ్రబ్ నిర్మించాడు.

ఈ కటకాలు మరొక చారిత్రక ఘట్టంలోనూ పాలుపంచుకున్నాయి. 1919 మే 29న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో, సూర్యుని పక్కగా వచ్చే నక్షత్ర కాంతి ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పినంత మేర వంగుతుందా లేదా అని పరీక్షించటానికి రెండు బృందాలు బయలుదేరాయి. ప్రిన్సిపీ దీవికి వెళ్ళిన ఎడింగ్టన్ ఆక్స్‌ఫర్డ్ కటకాన్ని తీసుకువెళ్ళాడు. బ్రెజిల్‌లోని సోబ్రాల్‌కు వెళ్ళిన బృందం గ్రీనిచ్ కటకంతో పాటు గ్రబ్ తయారుచేసిన 4 అంగుళాల చిన్న కటకాన్ని కూడా తీసుకువెళ్ళింది. అన్నిటిలోనూ స్పష్టమైన చిత్రాలనిచ్చినది ఆ చిన్న కటకమే.

భారతదేశంలో గ్రబ్ దూరదర్శినులు

పూనాలో కావస్‌జీ నయగంవాలా నిర్వహణలో, భావనగర్ మహారాజు తఖ్త్‌సింగ్‌జీ విరాళంతో 1888లో ఏర్పడిన వేధశాలకు గ్రబ్ 20 అంగుళాల పరావర్తన దూరదర్శినిని అందించాడు. ఆ వేధశాల 1912లో మూతపడగా, దూరదర్శినిని కొడైకెనాల్ వేధశాలకు తరలించారు. అక్కడ అది భావనగర్ దూరదర్శిని అనే పేరుతో ప్రసిద్ధి పొందింది.

హైదరాబాదు సంస్థానపు ప్రముఖులలో ఒకడైన నవాబు జఫర్ జంగ్ ఖగోళ శాస్త్రంపై మక్కువతో 1901లో గ్రబ్ తయారుచేసిన 15 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని కొని, ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల నెలకొల్పాడు. నిజాం పేరు మీదుగా దానికి నిజామియా వేధశాల అని పేరుపెట్టాడు. ఆయన 1907లో మరణించిన తరువాత సంస్థాన ప్రభుత్వం వేధశాలను స్వీకరించి బేగంపేటకు మార్చింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. గ్రబ్ దూరదర్శిని 1922లో వినియోగంలోకి వచ్చి, చరకాంతి నక్షత్రాలు, జంట నక్షత్రాలు, చంద్రుని వలన కలిగే నక్షత్రాచ్ఛాదనల పరిశీలనలకు ఉపయోగపడింది. టి.పి. భాస్కరన్, అక్బర్ అలీ ఈ వేధశాల సంచాలకులలో ముఖ్యులు. భారతదేశపు ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు తండ్రి ఇక్కడే ఉద్యోగం చేశాడు. వేణు బాపు బాల్యం ఈ దూరదర్శినుల మధ్యనే గడిచింది.

పరావర్తక గురి సాధనం

పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి రైఫిళ్ళు చాలా దూరం కాల్చగలిగేవిగా మారాయి. కాని వాటిపై గురిచూసే పద్ధతి పాతదే. కంటికి దగ్గరగా ఉన్న వెనుక గురి, గొట్టం చివరనున్న ముందు గురి, దూరాన ఉన్న లక్ష్యం, ఈ మూడూ ఒకే వరుసలోకి రావాలి. మానవ నేత్రం ఒకేసారి మూడు వేర్వేరు దూరాలలోని వస్తువులను స్పష్టంగా చూడలేదు. ఒకటి స్పష్టమైతే మిగిలినవి మసకబారుతాయి. వయసు పైబడినవారికి ఇది మరింత కష్టం. దూరదర్శినిని తుపాకిపై బిగిస్తే ఈ ఇబ్బంది తీరుతుంది గాని, దృశ్యం ఇరుకవుతుంది, కన్ను ఒక నిర్ణీత స్థానంలోనే ఉండాలి, కదిలే లక్ష్యాన్ని వెతికి పట్టుకోవటం కష్టమవుతుంది.

గ్రబ్ ఈ సమస్యను దూరదర్శిని నిర్మాత దృష్టితో పరిశీలించాడు. తుపాకి గొట్టానికి సమాంతరంగా ఒక సన్నని కాంతికిరణాన్ని లక్ష్యంపైకి ప్రసరింపజేస్తే, వెలుగు పడిన చోటే గుండు తగులుతుంది. అయితే యుద్ధభూమిలో అది ఆచరణ సాధ్యం కాదని ఈయన గుర్తించాడు. నిజమైన వెలుగును లక్ష్యంపై పడవేయనక్కరలేదు, పడినట్లు కంటికి కనబడితే చాలు అన్నది ఈయన ఆలోచనలోని కీలకం.

ఇందుకు ఒక చిన్న గుర్తును కటకపు నాభి వద్ద ఉంచాడు. నాభి నుండి బయలుదేరిన కాంతి కటకం గుండా వెలువడినప్పుడు సమాంతర కిరణాలుగా మారుతుంది. ఆ కిరణాలను వాలుగా అమర్చిన పారదర్శకమైన గాజు పలకపై పరావర్తనం చెందించి కంటికి చేర్చాడు. గాజు గుండా లక్ష్యాన్ని చూసేవానికి, గుర్తు అనంత దూరంలో, లక్ష్యం మీదనే ఉన్నట్లు కనబడుతుంది. లక్ష్యం, గుర్తు రెండూ ఒకే దూరంలో ఉన్నట్లు తోచటం వలన కన్ను మార్చి మార్చి చూడనవసరం లేదు. కిరణాలు సమాంతరం కనుక తల కొంచెం పక్కకు జరిగినా గురి తప్పదు. రెండు కళ్ళూ తెరిచి ఉంచవచ్చు. గ్రబ్ ఈ సాధనానికి 1900లో పేటెంటు పొంది, 1901లో రాయల్ డబ్లిన్ సొసైటీ ప్రచురణలో దీనిని సవివరంగా వర్ణించాడు. చిన్న తుపాకులకు, పెద్ద ఫిరంగులకు అనువైన వేర్వేరు రూపాలను కూడా సూచించాడు.

ఈ ఆలోచన వెంటనే సైన్యాలలో వ్యాపించలేదు. పరిసరాల వెలుగుపై ఆధారపడితే చీకటి పడేవేళ గుర్తు కనబడదు. సైనికుడు రైఫిలుపై మోయగలిగినంత చిన్నదై, దెబ్బలకు తట్టుకొని, ఎక్కువకాలం వెలిగే దీపం ఆనాడు లేదు. సూత్రం సిద్ధంగా ఉన్నా దానికి తగిన వెలుగు దొరకటానికి మరో డెబ్బై ఐదేళ్ళు పట్టింది.

పరిదర్శినులు, మొదటి ప్రపంచ యుద్ధం

బ్రిటిషు నౌకాదళం 1901లో తొలి జలాంతర్గాములను సమకూర్చుకున్నప్పుడు, నీటి అడుగు నుండి పైకి చూసే సాధనం కొరకు గ్రబ్‌ను ఆశ్రయించింది. పొడవైన గొట్టంలో వరుసగా కటకాలను అమర్చి, నీరు చొరకుండా, దృశ్యం చెడకుండా పరిదర్శినులను నిర్మించటంలో ఈయన కృతకృత్యుడయ్యాడు. 1914లో యుద్ధం ఆరంభమైన తరువాత కర్మాగారం దాదాపు పూర్తిగా ఈ పనికే అంకితమైంది. బ్రిటిషు జలాంతర్గాముల పరిదర్శినులలో అధిక భాగం గ్రబ్ సంస్థ తయారుచేసినవే.

1916లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. అంతటి కీలకమైన కర్మాగారం ఐర్లండులో ఉండటం, తయారైన పరికరాలను జలాంతర్గాముల భయమున్న సముద్రం మీదుగా పంపవలసి రావటం ప్రభుత్వాన్ని కలవరపెట్టాయి. ప్రభుత్వ నిర్ణయం మేరకు 1918లో కర్మాగారాన్ని ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌కు తరలించటం మొదలైంది. అర్ధ శతాబ్దం పాటు రాత్‌మైన్స్‌లో సాగిన పని అంతటితో ముగిసింది. అక్కడి ఒక సందుకు వేధశాల సందు అన్న అర్థం వచ్చే పేరు మాత్రం మిగిలింది.

చివరి దశ

కొత్త చోట స్థిరపడేలోగానే యుద్ధం ముగిసింది. పరిదర్శినులకు గిరాకీ పడిపోయింది. యుద్ధానికి ముందు ఒప్పుకున్న పెద్ద దూరదర్శినుల పనులు నిలిచి ఉన్నాయి. క్రిమియాలోని సిమెయిజ్ వేధశాలకు 40 అంగుళాల పరావర్తన దూరదర్శిని, జొహాన్నెస్‌బర్గ్‌కు 26 అంగుళాల వక్రీభవన దూరదర్శిని అందులో ఉన్నాయి. పాత ధరలకు ఒప్పుకున్న పనులను యుద్ధానంతరపు పెరిగిన ఖర్చులతో పూర్తిచేయవలసి రావటం సంస్థను కుంగదీసింది. 1925 నాటికి సంస్థ మూసివేసే స్థితికి చేరింది. అప్పటికి గ్రబ్ వయసు ఎనభై దాటింది.

ఆ దశలో ఆవిరి టర్బైను సృష్టికర్త సర్ చార్లెస్ పార్సన్స్ సంస్థను కొని, న్యూకాజిల్ నగరానికి తరలించాడు. ఈయన ఐర్లండులో ఆరు అడుగుల దర్పణం గల మహా దూరదర్శినిని నిర్మించిన మూడవ రాస్ ప్రభువు కుమారుడు. దీనితో ఐర్లండులోని రెండు దూరదర్శిని నిర్మాణ సంప్రదాయాలు ఒక్కటయ్యాయి. గ్రబ్ పార్సన్స్ పేరుతో ఈ సంస్థ 1985 వరకు కొనసాగింది. లా పాల్మా దీవిలోని 4.2 మీటర్ల విలియం హెర్షెల్ దూరదర్శిని దాని చివరి పెద్ద నిర్మాణం.

గ్రబ్ ఐర్లండుకు తిరిగివచ్చి శేష జీవితం గడిపాడు. 1931 సెప్టెంబరు 16న డబ్లిన్ సమీపంలోని మంక్స్‌టౌన్‌లో మరణించాడు. చార్లెస్ పార్సన్స్ కూడా అదే సంవత్సరం ఫిబ్రవరిలో మరణించాడు.

గురి సాధనపు తరువాతి చరిత్ర

గ్రబ్ సూత్రం మొదట నేలపై కాక ఆకాశంలో అక్కరకు వచ్చింది. 1918లో జర్మనీకి చెందిన ఓయిగీ సంస్థ తయారుచేసిన పరావర్తక గురి సాధనాలను యుద్ధవిమానాలపై పరీక్షించారు. విమానంలో విద్యుత్తు ఉంటుంది కనుక దీపం సమస్య లేదు. 1930లలో ఇవి చాలా యుద్ధవిమానాలకు సామాన్య పరికరాలయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలలోనూ, జర్మనీ విమానాలలోనూ ఈ సాధనాలనే వాడారు. నేటి విమానాలలో చోదకుని కళ్ళ ఎదుట గాజుపై వివరాలు చూపే పరికరం కూడా ఈ సూత్రం నుండి వికసించినదే.

రైఫిళ్ళ విషయంలో మలుపు తెచ్చినది కాంతి ఉద్గార డయోడు, అనగా ఎల్.ఇ.డి. స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో ఎల్.ఇ.డి.ని వాడిన తొలి గురి సాధనాన్ని విపణిలోకి తెచ్చింది. గ్రబ్ వాడిన గుర్తు స్థానంలో ఎర్రని చుక్క, కటకం, గాజు పలకల స్థానంలో ఎరుపు కాంతిని మాత్రమే వెనక్కు పంపే పూత గల వంపు గాజు వచ్చాయి. 1990ల చివర అమెరికా సైన్యం ఇటువంటి సాధనాన్ని స్వీకరించటంతో ఇవి విస్తృత ప్రచారం పొందాయి. 2010లలో హోలోసన్, వోర్టెక్స్, ప్రైమరీ ఆర్మ్స్ వంటి సంస్థలు తక్కువ ధరలలో వీటిని అందించసాగాయి.

రెడ్ డాట్ సైట్ ఎంపికలో గ్రబ్ సూత్రం

రెడ్ డాట్ సైట్ల ధరలలో చాలా వ్యత్యాసం ఉంటుంది. ఖరీదైనవాటిని కొనలేనివారు చవకైనవాటిలో మేలైనదానిని ఎంచుకోవటానికి గ్రబ్ వివరించిన సూత్రమే ఆధారం. ఈ సాధనం లేజరు వలె లక్ష్యంపై వెలుగును పంపదు. చుక్క చూసేవాని కంటికి మాత్రమే కనబడుతుంది. కాబట్టి చుక్క ఎంత నిలకడగా, ఎంత శుభ్రంగా కనబడుతుందన్నదే పరికరపు నాణ్యతకు కొలత. పరిశీలించవలసిన ముఖ్యాంశాలు ఇవి:

* పారలాక్స్ అనే దృష్టి విక్షేపం: సాధనాన్ని కదలకుండా బిగించి, దూరపు వస్తువుపై చుక్కను నిలిపి, తలను పక్కలకు, పైకి, కిందికి జరపాలి. చుక్క వస్తువును విడిచి ఎక్కువగా జరిగితే కిరణాలు సరిగా సమాంతరం కాలేదని అర్థం. గోళాకారపు వంపు గల ఒకే గాజు వాడిన చవక సాధనాలలో అంచుల వద్ద ఈ దోషం కనబడుతుంది. రెండు గాజులు కలిపి అతికించిన నిర్మాణం దీనిని తగ్గిస్తుంది.
* చుక్క పరిమాణం: దీనిని ఎం.ఓ.ఎ. అనే కోణపు కొలతలో చెబుతారు. ఇది డిగ్రీలో 60వ వంతు. 100 మీటర్ల దూరంలో ఒక ఎం.ఓ.ఎ. సుమారు 2.9 సెంటీమీటర్లకు సమానం. 2 ఎం.ఓ.ఎ. చుక్క ఆ దూరంలో సుమారు 6 సెంటీమీటర్ల మేర, 6 ఎం.ఓ.ఎ. చుక్క సుమారు 17 సెంటీమీటర్ల మేర కప్పుతుంది. రైఫిలుకు సాధారణంగా చిన్న చుక్క అనువైనది. దగ్గరి లక్ష్యాలను వేగంగా పట్టటానికి పెద్ద చుక్క మేలు.
* గురి నిలకడ: ఒకసారి సరిదిద్దిన గురి, కాల్పుల అదురుకు చెదరకూడదు. సాధనం బాగున్నా దానిని రైఫిలుకు బిగించే పట్టు వదులైతే ప్రయోజనం లేదు. చవకైన పరికరాలలో తరచు దెబ్బతినేది ఈ భాగమే.
* బ్యాటరీ: మంచి సాధనాలు ఒకే బ్యాటరీతో వేల గంటలు వెలుగుతాయి. కొన్నిటి నిర్మాతలు మధ్యస్థమైన వెలుగులో 50 వేల గంటలు పనిచేస్తాయని ప్రకటిస్తారు. బ్యాటరీ సులభంగా దొరికే రకమో కాదో కూడా చూడాలి.
* వెలుగు హెచ్చుతగ్గులు: మిట్ట మధ్యాహ్నపు ఎండలో కనబడేంత ప్రకాశం, చీకటిలో కళ్ళు చెదరనంత మందమైన వెలుగు రెండూ ఉండాలి.
* తెరిచిన, మూసిన నిర్మాణాలు: ఎల్.ఇ.డి. బయటికి తెరుచుకుని ఉన్నవి తేలికైనవి, కాని దుమ్ము గాని వాననీటి చుక్క గాని దానిపై పడితే చుక్క మాయమవుతుంది. గొట్టం రూపంలో మూసి ఉన్నవి బరువైనా వానకు, మన్నుకు తట్టుకుంటాయి.

చుక్క గుండ్రంగా కాక చీలినట్లు, తోక ఉన్నట్లు కనబడితే ప్రతిసారీ పరికరాన్నే నిందించరాదు. చూసేవాని కంటికి అసమదృష్టి అనే దోషం ఉన్నప్పుడు కూడా అలా కనబడుతుంది. అదే చుక్కను ఫోను కెమెరాతో తీసి చూస్తే గుండ్రంగా ఉంటే, దోషం కంటిదని గ్రహించవచ్చు. బ్యాటరీ ఆగిపోయినప్పుడు ఆదుకోవటానికి రైఫిలుపై మామూలు లోహపు గురులను కూడా ఉంచటం మంచి పద్ధతి.

ఒలింపిక్ రైఫిలు పోటీలలో ఇటువంటి సాధనాలకు అనుమతి లేదు. 2012 లండను ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు విభాగంలో కాంస్యం గెలిచిన హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ వంటివారు చిన్న రంధ్రం గుండా చూసే గురినే వాడతారు. గ్రబ్ పరిష్కరించదలచిన పాత సమస్యను ఈ క్రీడ ఉద్దేశపూర్వకంగా నిలిపి ఉంచింది.

గౌరవాలు

గ్రబ్ 1883లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1887లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదుతో సత్కరించింది. రాయల్ డబ్లిన్ సొసైటీ 1912లో బాయిల్ పతకాన్ని ప్రదానం చేసింది. ఈయన నిర్మించిన దూరదర్శినులలో కొన్ని శతాబ్దానికి పైగా గడిచినా వివిధ దేశాల వేధశాలలలో భద్రంగా ఉన్నాయి. గురి సాధనం విషయంలో మాత్రం ఈయనకు జీవితకాలంలో తగిన గుర్తింపు రాలేదు. రైఫిలుపై ఎర్రచుక్క వెలగటం ఈయన మరణానంతరం 44 సంవత్సరాలకు గాని సాధ్యపడలేదు.

ఇవి కూడా చూడండి

* నిజామియా వేధశాల
* కొడైకెనాల్ వేధశాల
* వేణు బాపు
* దూరదర్శిని
* పరిదర్శిని